వీరదుర్గకో పేషెంటు

"నీ పేషెంట్ ఏది బేటా?" పరీక్ష పెట్టే బుష్రా మేడమ్ మళ్లీ అడిగింది.

వీరదుర్గ చేతిలోని ఫోన్ వంక చూసింది. పేషెంటుగా వస్తానన్న స్నేహితురాలు బేబీ మాటలు ఇంకా చెవిలో మోగుతున్నాయి. "ఒసే దుర్గా, నేను రాలేనే. చెప్పులేసుకుని బయల్దేరుతుంటే మా మేడమ్ గేటు దగ్గర ఆపేసింది. ఎందుకంటే చెప్పదు."

"రావట్లేదంటండి," అంది వీరదుర్గ, ఏడుపు దిగమింగుకుంటూ.

గల్ఫ్‌లో కల్బా అనే ఊళ్లోని ఆ కమ్యూనిటీ కాలేజీలో ఆదివారాలు ముసలివాళ్లను చూసుకునే కోర్సు చెబుతారు. చేరినవాళ్లు చాలామంది ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లే. ఈరోజు ఆఖరి పరీక్ష. రాసేది కాదు, చేసి చూపించేది. పేషెంటుగా పడుకునే మనిషిని ఎవరికి వాళ్లే తెచ్చుకోవాలి. మంచం మీంచి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాలి, బీపీ చూడాలి, సూప్ తాగించాలి.

"మన క్లాసులో ఎవర్నైనా పడుకోబెట్టుకోనాండి?"

"నడ్వదు. పాఠం తెల్సినోళ్లు నీ తప్పులన్నీ కప్పేస్తరు. బయటి మనిషే కావాలె, ఆడమనిషే కావాలె. నిన్ను లాస్ట్‌ల పిలుస్తా. అప్పటికి గూడ రాకుంటే ఇగ వచ్చే ఏడాదే. నా చేతుల ఏం లేదు."

ఈ సర్టిఫికెట్ చేతికొస్తే ఏ క్లినిక్‌లోనో ఉద్యోగం. రాకపోతే మళ్లీ అవే అంట్లు. వీరదుర్గ వరండాలోకి పరుగెత్తింది. లైబ్రరీ ముందు అద్దాలు తుడుస్తున్న బంగ్లాదేశ్ ఆవిడను బతిమాలింది. సూపర్‌వైజర్ చూస్తే ఊరుకోడని ఆవిడ భయపడింది. క్యాంటీన్ ముందు ఫోటోలు దిగుతున్న అమ్మాయిలను అడిగింది. వాళ్లు పాపం వచ్చేవాళ్లే, కానీ ఇంకో గదిలో వాళ్ల పరీక్షే మొదలవబోతోంది. అందరి పేషెంట్లూ హాయిగా వరసగా కూర్చుని కబుర్లాడుకుంటున్నారు. రోగమున్న చోట మందు దొరకదంటారు గానీ, ఇక్కడ మందిచ్చేవాళ్లున్నా రోగి దొరకడం లేదు.

ఇక గతిలేక హయాత్ బాషాకు ఫోన్ చేసింది. రాయచోటి మనిషి, ఆమె పనిచేసే ఇంట్లోనే డ్రైవరు. ప్రతి ఆదివారం ఆమెను కాలేజీ గేటు దగ్గర దింపేది అతనే.

"బాషా అన్నయ్యా, ఎవరో ఒకర్ని తీసుకురావా? నీకు పుణ్యముంటది."

"పిల్చుకొస్తాలే. ముందు ఆ ఏడుపు ఖలాస్ చెయ్."

"మామాకి మాత్రం తెలీకూడదు. బేబీ దగ్గరికెళ్తున్నానని చెప్పి వచ్చాను. తెలిస్తే ఆఫీసుకి పంపించేస్తది."

గల్ఫ్‌లో చాలా ఇళ్లలో పనివాళ్లు యజమానురాలిని మామా అని పిలుస్తారు. ఆఫీసంటే వాళ్లను తెప్పించిన ఏజెన్సీ. వెనక్కి ఆఫీసుకి పంపారంటే ఆ ఇంట్లో నూకలు చెల్లినట్టే. చదువుకున్న పనిమనిషి ఎన్నాళ్లుంటుందన్న అనుమానం ఏ మామాకైనా రాక తప్పదని వీరదుర్గ భయం.

కాసేపటికి నల్లద్దాల కారు వచ్చి గేటు దగ్గర ఆగింది. వీరదుర్గ ఎదురెళ్లి సంబరంగా వెనక తలుపు తీసింది.

లోపల మామా కూర్చుని ఉంది.

వీరదుర్గ బాషా వైపు తిరిగింది. "ఎంత పని చేశావన్నయ్యా!"

"నన్ను చూడబాకు తల్లీ. నేను డ్రైవర్ను," అన్నాడు బాషా, స్టీరింగ్ వంకే చూస్తూ.

"గుడ్లప్పగించి చూస్తావేం?" అంది మామా అరబీలో. "నా కర్ర అందుకో. ఆ మంచం ఎక్కడుందో చూపించు."

కాలేజీ లోపల మామా మంచమెక్కింది. వీరదుర్గ నేర్చుకున్నవన్నీ మరిచిపోయి, తిన్నగా వెళ్లి మామా భుజం పట్టుకోబోయింది. మామా చటుక్కున వెనక్కి జరిగింది.

"ముందు చేతులు కడుక్కో!"

ఇంట్లో రోజూ తినే చీవాట్లే. అవి చెవిన పడగానే వీరదుర్గకు పోయిన ప్రాణం లేచొచ్చింది. చేతులు కడుక్కుంది. మామా ఎడమ మోకాలు వంగదని ఆమెకు తెలుసు, కుడికాలి మీద బరువు వేయించి మెల్లగా కుర్చీలో కూర్చోబెట్టింది. బీపీ చూసింది. సూప్ వేడిగా ఉందని మామా మూతి ముడిస్తే ఊదింది, ఉప్పు లేదని మళ్లీ ముడిస్తే బుజ్జగించి తాగించింది.

బుష్రా మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇంత సతాయించే పేషెంట్‌ను ఇయ్యాల ఎవ్వరూ తేలేదు. పాస్, వీరదుర్గా! ముబారక్!"

కారు దగ్గరికి రాగానే వీరదుర్గ మామా కాళ్ల మీద పడబోయింది. మామా కర్ర అడ్డం పెట్టింది. ఇక్కడ ఎవరూ అలా కాళ్లమీద పడరు. అప్పుడు ఆ ఇంటి పిల్లలు చేసినట్టే వీరదుర్గ ముందుకు వంగి ఆమె నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. కన్నతల్లి కూడా తనకోసం ఇలా వచ్చి మంచమెక్కదనిపించింది.

"క్షమించు మామా. అబద్ధం చెప్పి వస్తున్నాను."

"ప్రతి ఆదివారం ఎక్కేది నా కారు. అది ఎక్కడ ఆగుతుందో, అక్కడ నువ్వేం చేస్తున్నావో బాషా నాకు చెప్పడనుకున్నావా? క్లినిక్‌లో చేరినా శుక్రవారం వచ్చి నా బీపీ చూడాలి. పద."

వీరదుర్గ కళ్లు తుడుచుకుని నవ్వింది. "అల్లా నిన్ను చల్లగా చూడాలి మామా. బేబీని ఆపేసిన ఆ మేడమ్‌ను మాత్రం పొద్దున్నించి తిట్టని తిట్టు లేదు."

"ఆవిణ్ణి తిట్టకు," అంది మామా కారెక్కుతూ. "ఫోన్ చేసి ఆపించింది నేనే. ఇంట్లో ఇంత రోగిష్టిదాన్ని నేనుండగా, నా పిల్ల పరీక్షకి పరాయిదాన్ని పడుకోనిస్తానా?"