తొంభైకి దిగని నాడి

హనుమకొండలో మాలాంటి గుండె రోగులకు వ్యాయామం చేయించే ఈ సెంటర్‌లో సలోమి ఒక్కతే ఫిజియాలజిస్టు. గోడకున్న స్పీకర్లోంచి వచ్చే కంప్యూటర్ గొంతు పొద్దున ఆరింటి నుంచి ఆమెను ఒక రోగి నుంచి మరో రోగికి తరుముతూనే ఉంటుంది. ఆమె కూర్చోవడానికి ఒకటే వీలుంది. నడక మిషన్ దిగాక రోగి నాడి తొంభైకి దిగేదాకా పక్కనే ఉండి చూడాలి. అది మూడు నిమిషాల పని.

ఆ రోజు మధ్యాహ్నం మూడైనా ఆమె టిఫిన్ డబ్బా తెరవలేదు. నా నడక అయ్యాక, ఆ డబ్బా ఒళ్లో పెట్టుకునే నా పక్కన కూర్చుంది.

"తిను బిడ్డా," అన్నాను.

"టైం లేదు సార్. మీది తొంభై రెండుకొచ్చింది."

నేను కుర్చీలోనే మడమలు ఎత్తి దించడం మొదలుపెట్టాను. ఆమె నేర్పిన వ్యాయామమే. నాడి తొంభై ఎనిమిదికి ఎక్కింది. సలోమి నా కాళ్ల వైపు చూసి, నవ్వాపుకుని డబ్బా మూత తీసింది.

"రోగి ఇంకా ఎందుకు కుదుటపడలేదు?" గోడ అడిగింది.

"నా గుండె, నా ఇష్టం," అన్నాను.

"తర్వాత రాజమల్లు. లేచి రావాలి."

"నాకేం తొందర లేదు. పిల్ల తినేదాక నేను ఆ మిషన్ ఎక్క," అన్నాడు బెంచీ మీది రాజమల్లు.

చింతకాయ తొక్కు వాసన వచ్చింది. నా భార్య పోయాక, ఒక మనిషి నా ఎదురుగా అన్నం తినగా చూసి నాలుగేళ్లయింది. గోడ మళ్లీ పిలిచింది. బెంచీ మీద ఒక్కరూ లేవలేదు.

"పెరుగు కూడా కలుపుకో," అన్నాను, మడమలు ఇంకాస్త వేగంగా ఆడిస్తూ.