కెర్తు వీడ్కోలు విందు

"సోమవారం పొద్దున్నకల్లా ఖాళీ చెయ్యాలి కెర్తత్తా. లీజు అయిపోయింది," అన్నాడు ఓస్మో, గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుంటూ.

"అయిపోయింది నేల లీజు. ఇల్లు నాది కదరా! కప్పు కూలి, దుంగలకి చీమలు పట్టి ఉంటే ఒక్కో దుంగా చెక్కాను. సందుల్లో చలిగాలి దూరకుండా నాచు కూరాను. పదకొండేళ్ళు పట్టింది."

"చేసుకున్నావు, ఉన్నావు. నేల నాది, దాని మీదున్నదీ నాదే. మా ఆవిడ ఈ కిటికీ పక్కన కూర్చుని సరస్సు చూస్తుందిట."

కెర్తుకి ఒళ్ళు మండిపోయింది. డెబ్బై రెండేళ్ళ మనిషి. ఆ ఇల్లంటే ప్రాణం. అయినా వీడి ముందు కన్నీళ్ళు పెట్టుకోవడం ఆమె వల్ల కాని పని.

"సరే. శని, ఆదివారాలు నావి. ఊరివాళ్ళకి చేపల సూపు పెట్టి, ఇంటికి వీడ్కోలు చెప్పుకుంటాను."

"భేషుగ్గా! ఏడవాలనిపిస్తే ఏడు కూడా."

"నీ ట్రాక్టరూ కావాలి. సరస్సు ఇంకా గట్టిగా గడ్డకట్టే ఉంది. అవతలి ఒడ్డున మా చెల్లెలి జాగాకి సామాను చేరవేస్తాను."

పీడ ఇంత తేలిగ్గా వదులుతుందని ఓస్మో అనుకోలేదు. తాళంచెవి బల్ల మీద పడేశాడు. "నీదన్నది ఒక్క చెంచా కూడా ఇక్కడ మిగలకూడదు," అనేసి పెళ్ళాంతో పట్నం వెళ్ళిపోయాడు.

శనివారం తెల్లారేసరికి ముప్పైమంది దిగారు. ఆ పల్లెల్లో సూపు పెట్టి పిలిస్తే రానివాళ్ళుండరు, తిని ఊరికే పోయేవాళ్ళూ ఉండరు. రెండు రోజులూ కెర్తు ఆరుబయట పొయ్యి మీంచి కాఫీ దింపలేదు.

"వీడ్కోలంటే ఇంత సందడా అత్తా?" అన్నాడు పొరుగింటి వెయ్కో, చెమట తుడుచుకుంటూ.

"ఏడుపు వీడ్కోలయితే ఓస్మోకి ఇష్టం. అందుకే," అంది కెర్తు.

సోమవారం ఓస్మో కొత్త తాళం పట్టుకుని వచ్చాడు. ట్రాక్టరు ఎక్కడ వదిలాడో అక్కడే, శుభ్రంగా కడిగి ఉంది. దాన్ని దాటి నాలుగడుగులు వేసి, తాళం చేతిలోనే ఉండగా, ఆగిపోయాడు. ఫోను తీశాడు.

"అత్తా! ఏం చేశావ్?"

"సామాను చేరవేశానురా. నాలుగు గోడలూ, నేల చెక్కలూ, పైకప్పూ కలిపి నీ ట్రాక్టరుకి పద్దెనిమిది ట్రిప్పులు పట్టింది!"