చేతి నిలకడ

కూతురి చేతిలోని మాత్రల అట్టను తండ్రి లాగేసుకున్నాడు.

"పోటీ అయ్యేదాకా ఇది ముట్టుకోవద్దమ్మా."

ఆయన విలువిద్య నేర్పే కోచ్. కూతురే ఆయన దగ్గర అందరికన్నా గురి ఉన్న శిష్యురాలు. ఉన్నట్టుండి గుండె పరుగు లంకించుకునే జబ్బు ఆ పిల్లది. రోజూ మాత్ర వేసుకుంటే అదుపులో ఉంటుంది. చిక్కల్లా, గుండెను నెమ్మదిపరిచే ఆ మాత్ర చేతికీ నిలకడనిస్తుంది కనుక విలువిద్య పోటీల్లో దానికి నిషేధం. పరీక్షలో దొరికితే పతకమూ పోతుంది, ఆటా పోతుంది. జబ్బున్నవాళ్ళు ముందుగా అనుమతి అడగవచ్చు. ఆయన అడగలేదు. కోచ్ కూతురు మాత్ర బలంతో గెలిచిందని నలుగురూ అంటే తలెక్కడ పెట్టుకోవాలన్నది ఆయన బాధ.

ఉన్నపళంగా మానితే ప్రమాదమని డాక్టరు చెప్పాడు కదా అని భార్య మొత్తుకుంది. "నాకు తెలుసు, నువ్వూరుకో" అన్నాడు. ఎందుకు మానాలో ఆమెకు విడమరిచి చెప్పలేదు. ఇంట్లో ఎవరికీ ఏదీ విడమరిచి చెప్పే అలవాటు ఆయనకు లేదు.

పోటీనాడు కూతురు విల్లెత్తగానే ఆయన గుండెల్లో రాయి పడింది. ఆమె ఊపిరి బిగపట్టిన ప్రతిసారీ, ఇక కూలిపోతుందేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూశాడు. కన్నబిడ్డ కన్నా నలుగురి మాట ఎక్కువైందా అని తనను తానే తిట్టుకున్నాడు. ఏ బాణం ఎక్కడ తగిలిందో కూడా ఆయనకు కనబడలేదు. చప్పట్లు మోగాక తెలిసింది, కూతురు గెలిచిందని.

పతకం మెళ్ళో వేసి, అధికారులు ఆమెను మూత్రపరీక్షకు పిలిచారు.

"ధైర్యంగా వెళ్ళిరా తల్లీ, మనకేం భయం" అని పంపించి, భార్య పక్కన కూలబడ్డాడు. కన్నీళ్ళు ఆగలేదు.

"తప్పు చేశానే. పంతానికి పోయి పిల్ల ప్రాణంతో ఆడుకున్నాను. రేపే వెళ్ళి అనుమతి అడుగుతాను. ఇక ఒక్క పూట కూడా మాత్ర మాననివ్వను."

ఆయన నోట తప్పన్న మాట వినడం ఆమెకు ఇదే మొదలు. జాలేసింది. భుజం మీద చెయ్యి వేసింది.

"ఊరికే కుమిలిపోకండి. పిల్ల మాత్ర మానితే కదా. వేరే అట్ట కొని, దానికి కూడా తెలియకుండా రోజూ పాలలో నూరి కలుపుతూనే ఉన్నాను. ఈ పొద్దున కూడా ఇచ్చాను."