బతికున్న అమ్మకు దండ

గిద్దలూరు బజార్లో అమ్మ ఫొటో ఉన్న ఫ్లెక్సీకి ఎవరో పూలదండ వేసిపోయారు. శేషాద్రి దాన్ని తెంపి చెల్లెలి మీదికి విసిరాడు.

"బతికున్న అమ్మకు శ్రద్ధాంజలి పెట్టినావేందే భ్రమరా?"

"అది క్యాన్సర్ పరీక్షల క్యాంపుకు చందాల ఫ్లెక్సీ! చదవకుండా దండేస్తే నేనేం చేయాల?"

"తగ్గని జబ్బని రాసినావే! అమ్మకు తెలీకూడదని నేను నోరు కుట్టుకుంటే, నువ్వు బజార్లో కట్టినావు!"

ఆటో దిగిన తల్లి రాజ్యలక్ష్మి అడ్డొచ్చింది. "దాన్ని తిట్టబాకురా. రాయించింది నేనే."

"నీకెవరు చెప్పినారమ్మా?"

"నువ్వే. పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి నా చారు బాగుందంటివే!"



ఆమె మూగినవాళ్ల వైపు తిరిగింది. "నేను చావలేదమ్మా, ఫొటో చూసి పొరబడినారు. రొమ్ములో గడ్డుందని చెప్పడానికి సిగ్గుపడి ఏడాది దాచినా. మీరు దాచబాకండి."