కిటికీ పక్కన దొర

మద్రాసు విమానంలో కిటికీ పక్క సీటే కావాలని దొర పట్టుబట్టాడు. దారిలో మిర్యాలగూడ దగ్గరి తన ఊరు కనిపిస్తుందట.

ఊళ్లో మైసయ్య డప్పు కొట్టి చాటాడు: "రేపు దొర మన నెత్తి మీదికెల్లి పోతడు! గడీ ముందర నడిసినట్టే, అందరు చెప్పులిడిసి చేతుల పట్టుకోవాలె. తప్పితే కొరడ దెబ్బలే!"

చెప్పుల్లేని వాళ్లు పక్క ఊరికి పోయి అరువు తెచ్చుకున్నారు.

మర్నాడు విమానం వచ్చింది. దొర అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. కింద చీమల్లా జనం, ఒక్కరూ తప్పకుండా చేతులెత్తి ఊపుతున్నారు.

"నేనంటే ఎంత భక్తో!" అని కళ్లు తుడుచుకుని, పక్క సీటాయనకు కూడా చూపించాడు.

కింద మైసయ్య గొంతు చించుకుంటున్నాడు.

"ఇంకా పైకెత్తుండ్రి! దొరకు చెప్పులు మంచిగ కనవడాలె!"