డోలుకు లేవని మనిషి

డోలు మోగింది.

జనమా రండి, జనమా రండి అంటూ మోగింది.

లువాంబా ఊళ్లో ఆ దరువు వింటే చేతిలో పని అక్కడే వదలాలి. తప్పిపోయిన బిడ్డ ఎవరిదో తర్వాత సంగతి. ముందు చర్చి ముంగిటికి పరుగెత్తాలి. కిందటేడు ఇద్దరు పిల్లల్ని ఎవరో ఎత్తుకుపోయాక ఊరంతా కూడి పెట్టుకున్న కట్టు అది.

నమతోవు మటోకే అరటికాయల చెక్కు తీస్తున్న కత్తితోనే పరుగు తీసింది.

కొన్నాళ్లుగా చిత్తడి దారి మొదట్లో చాప వేసుకుని కూర్చుంటున్న ముసలమ్మ, అందరూ జాజ్జా, అంటే అవ్వ, అని పిలిచే పరాయి ఊరామె, మాత్రం లేవలేదు.

"జాజ్జా! చెవుడా నీకు? డోలు వినపడలేదా?" అని అరిచింది నమతోవు.

"వినపడింది."

"మరి లేవవేం?"

"మీరు పొండి. నేనిక్కడుంటాను."

ఆ రోజు మోగించింది అలవాటు తప్పకుండా ఉండటానికే. అందరూ వచ్చారు, ఆమె తప్ప.

"డోలుకు రానివాళ్లే దొంగలని మనమే అనుకున్నాం కదా. ఇంకా ఆలోచన ఎందుకు?" అన్నాడు బాడుగకు బోడా బైకు నడిపే కిగ్గుండు.

"మోకాళ్ల నొప్పులేమో," అన్నాడు కవోయా. చర్చిలో ప్రార్థన చదివేదీ, డోలు కొట్టేదీ అతడే.

"మోకాళ్లా! నిన్న నా కోడి తప్పించుకుంటే నాకన్నా ముందు పరుగెత్తి పట్టింది. నొప్పులు నీకేనయ్యా!" అంది గుంపులో ఒకామె.

అందరూ నవ్వారు. నమతోవు నవ్వలేదు.

"మా పాప నాంటెజాని పేరుపెట్టి పిలిచింది. ఆ పేరు నేను చెప్పనేలేదు. ఒళ్లు జలదరించింది."

అందరూ కలిసి చాప దగ్గరికి వెళ్లారు.

"ఏ ఊరు నీది?"

ముసలమ్మ జమ్ము వైపు చెయ్యి చూపింది. "అవతల."

"మా పిల్లల పేర్లు నీకెందుకు?"

"పిలిస్తే వెనక్కి తిరగాలి కదా."

గాలి లేదు. అయినా జమ్ము కదిలినట్టయింది.

కిగ్గుండు చాపను లాగి బురదలోకి విసిరాడు. "రేపటికి నువ్వుగాని, నీ చాపగాని ఇక్కడ కనపడకూడదు."

ఆమె చాప దులుపుకొంది. వెళ్తూ వెళ్తూ చర్చి అరుగు మీదున్న డోలు దగ్గర ఆగి, తోలు మీద అరచెయ్యి ఆనించింది.

"గట్టిగా కొడతావా, నాయనా?" అని కవోయాను అడిగింది.

"కొడతాను, జాజ్జా. ఎదురు కొండ దాకా వినపడుతుంది."

"అవును. అందరికీ వినపడుతుంది."

ఆ గొంతులో మెచ్చుకోలు లేదు. ఆమె జమ్ములోకి నడిచింది. కవోయా ఆపలేదు. పరదేశిని ఆదరించమని ఆ ఆదివారమే అతడు చదివి వినిపించాడు. చదివినంత తేలిగ్గా నోరు పెగలదెందుకో!

కొన్నాళ్లకు, సంత రోజు మధ్యాహ్నం, నీళ్లకు వెళ్లిన నాంటెజా తిరిగి రాలేదు.

ఊట దగ్గర ఖాళీ క్యాన్ ఒక్కటే పడి ఉంది.

డోలు మోగింది. ఊరు ఊరంతా వచ్చింది. ఎవరూ కట్టు తప్పలేదు. బోడాలు తారు రోడ్డుకు అడ్డంగా నిలిచాయి. వచ్చిన ప్రతి బండినీ ఆపారు. మొక్కజొన్న మూటలు కూడా విప్పి చూశారు.

పిల్ల లేదు.

నమతోవు ఏడవడం కూడా మరిచిపోయి కవోయా చేతుల్నే చూస్తోంది. "ఆపకు అన్నా, ఆపకు. అది విని వస్తుంది."

అతడి అరచేతులు చిట్లాయి. "ప్రభువా, ఏ వైపు?" అనుకుంటూ కొడుతూనే ఉన్నాడు.

అప్పుడు జమ్ము చీలింది.

మోకాళ్ల దాకా బురదతో నాంటెజా ఒక్కతే నడిచి వచ్చింది. తల్లి గుండెలకు హత్తుకుంది.

"ఎవరమ్మా తీసుకుపోయింది?"

"ఒక మామ. నా నోరు మూశాడు. చాప జాజ్జా నన్ను పిలిచింది. అడ్డం నిలబడింది. డోలు ఎటు మోగితే అటు పరుగెత్తమంది."

"జాజ్జా ఏది?"

పిల్ల వెనక్కి చూసింది. అక్కడ జమ్ము మళ్లీ మూసుకుపోయింది.

పరుగెత్తి వెళ్లారు. వాడు దొరకలేదు. తొక్కిన జమ్ము మధ్య, చీలమండ లోతు నీళ్లలో ముసలమ్మ పడి ఉంది. తల పగిలి ఉంది. కళ్లు దారినే చూస్తున్నాయి.

కిగ్గుండే ఆమెను భుజాన వేసుకుని తెచ్చి చర్చి అరుగు మీద పడుకోబెట్టాడు. ప్రార్థన చదవబోయి కవోయా ఆగిపోయాడు. ఆమె పేరు ఎవరికీ తెలియదు.

చిత్తడి అవతలి ఊరికి కబురు పంపారు. దోనెలో ఒక పెద్దాయన వచ్చి, గుడ్డ తొలగించి చూశాడు.

"నబ్బోసా," అన్నాడు మెల్లగా.

"ఆమె డోలుకు ఎప్పుడూ లేచేది కాదు," అంది నమతోవు. "అందుకే మేం..."

పెద్దాయన గుడ్డ మళ్లీ కప్పాడు.

"మా ఊళ్లో డోలు కొట్టేది ఈమేనమ్మా, తన మనవడి కోసం ఈమే కొడితే అందరం చర్చికే పరుగెత్తాం, మేం ఖాళీ చేసిన ఈ చిత్తడి దారినే వాణ్ణి తీసుకుపోయారు."