కనాతు బయట

“బేటా, జాన్ సాబ్ పేరు ఒక్కపారి పిలువు.”

కనాతు బయటి నుంచి వచ్చిన ఆ మాటకు జకర్యా కేక మధ్యలోనే ఆగింది.

పీపా మీద నిలబడి ఆట చెబుతున్నవాడు ఠక్కున కిందికి చూశాడు. నల్ల బురఖాలో ఎవరో ముసలామె.

పరేడ్ గ్రౌండ్‌లో హాకీ టోర్నమెంటు వచ్చిందంటే మైదానం చుట్టూ అడ్డుతెరగా గుడ్డ కనాతు కడతారు. టికెట్ కొన్నవాళ్లు లోపల, కొననివాళ్లు బయట. ఆ బయటివాళ్ల కోసం జకర్యా కనాతుకు లోపలివైపు తారు పీపా బోర్లించి ఎక్కి, లోపల జరిగేదంతా కేకేసి చెబుతాడు.

టికెట్ లేనివాళ్లకు అతని గొంతే టికెట్. వాళ్లెవరో మాత్రం ఎన్నడూ వెనక్కి తిరిగి చూసి ఎరగడు. కళ్లెప్పుడూ బంతి మీదే.

చేసేది లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ పని. ప్రాణం మాత్రం నిజాం పల్టన్ జట్టులో ఆడే జాన్ సాహెబ్ మీద.

“తిండి రైల్వేది, కేకలు పల్టన్‌వి!” అని తోటివాళ్లు ఆటపట్టించేవారు.

ఏం చేస్తాడు మరి? ఒక ఏడు ఫైనల్లో, వాన బురదలో, రైల్వే జట్టు మీదే జాన్ సాహెబ్ ముగ్గురిని తప్పించి, పడిపోతూ పడిపోతూ గోల్ కొట్టాడు. “జాన్ సాబ్ ఉరికిండు! మలిపిండు! కొట్టిండు!” అని అరిచిన జకర్యాకు వారం దాకా గొంతు పెగల్లేదు. సొంత జట్టు ఓడిందని ఏడవాల్సినవాడు సంతోషం పట్టలేక ఏడ్చాడు.

తర్వాత పోలీస్ యాక్షన్ వచ్చింది. సరిహద్దుకు పోయిన పల్టన్ తిరిగొచ్చింది. జాన్ సాహెబ్ రాలేదు. కొన్నాళ్లకు ఆ పల్టనే లేకుండా పోయింది.

ఇప్పుడు సికింద్రాబాద్‌లో గోడలకు చెవులున్నాయి. నిజాం సిపాయి ఎవరినో తలుచుకున్నందుకు పక్క వీధి దర్జీని పట్టుకుపోయారు. ఇంకా ఇంటికి రాలేదు.

“ఆ పేరు నీ నోట్లకెళ్లి రావద్దు. నువ్వు బోతే మేం ఏం గావాలె?” అని పొద్దున జ్ఞానమణి పిల్లల తల మీద చెయ్యి పెట్టించి మొగుడి చేత ఒట్టు వేయించింది. ఒట్టు పాపమని పాదిరి చెప్పినా వినలేదు.

అందుకే ఇవాళ ఆట చెబుతున్నాడన్న మాటే గాని, ఆ కేకల్లో ఉప్పూ కారం లేవు.

“జాన్ సాబ్ ఆడ్తలేడమ్మా,” అన్నాడు మెల్లగా.

“నాకెర్కనే బేటా. ఆడుతున్నట్టే పిలువు. జెర గట్టిగ.”

జకర్యా చుట్టూ చూశాడు. లేని మనిషి పేరు పిలవమనడం ఏమిటి? ఆరా తీయడానికి బురఖాల్లో ఆడవాళ్లను పంపుతున్నారని వర్క్‌షాపులో చెప్పుకున్న మాట గుర్తొచ్చింది. గేటు దగ్గర కాపలా ఉన్న యూనియన్ సైన్యపు జవాను ఇటే చూస్తున్నాడు.

ఆ జవానుకు వినబడాలనే గొంతెత్తాడు.

“ఏ జాన్ సాబ్? ఆ పేరుగల్లోడెవడో నాకు తెల్వదు!”

ముసలామె కనాతుకు ఇంకో అడుగు దగ్గరికి వచ్చింది.

“తెల్వదా, బేటా?”

“తెల్వదంటున్న గదా! పో ఈడికెళ్లి!”

ఆమె వెనుదిరిగి రోడ్డు మీద ఆగిన టాంగా వైపు నడిచింది. టాంగావాలా పీరా దిగి, చెయ్యి పట్టి ఎక్కించాడు.

ఆ పూట జకర్యాకు అన్నం సయించలేదు.

“మంచిగనే తరిమినవ్. పరేషాన్ ఎందుకు?” అంది జ్ఞానమణి.

తరిమినందుకు కాదు అతని బాధ. ఆ పేరును తెలియదన్నది తన నోరే కదా! సిగ్గుతో చచ్చిపోయాడు.

రెండు వారాలకు ఫైనల్ రోజు వచ్చింది. ఆట ముగియవస్తుండగా రైల్వే జట్టులో కొత్త ఆటగాడొకడు ఎడమ అంచున బంతి అందుకున్నాడు. అచ్చం జాన్ సాహెబ్ ఉరికిన దారినే ఉరికాడు.

జకర్యాకు ఒట్టు గుర్తు లేదు, దర్జీ గుర్తు లేడు.

“జాన్ సాబ్ ఉరికిండు! మలిపిండు! కొట్టిండు!”

మైదానం ఒక్కసారిగా సద్దుమణిగింది. కనాతు బయట ఎవరో “జాన్ సాబ్!” అన్నారు. ఇంకెవరో అందుకున్నారు. చూస్తుండగానే బయటంతా అదే పేరు. గేటు దగ్గరి జవాను ఇటు తిరగనైనా లేదు. అతనూ గోల్ వైపే చూస్తున్నాడు.

జకర్యా పీపా మీంచి దూకి బయటికి పరుగెత్తాడు. పీరా టాంగా ఉంది. అందులో ఎవరూ లేరు.

“పీరా భాయ్, ఆ ముసలామె ఏది? ఆమె అడిగినట్టే పిలిచిన. గట్టిగ పిలిచిన!”

పీరా గుర్రం మెడ నిమిరాడు.

“జుమ్మానాడు పోయింది, అన్నా. బొల్లారంల మట్టిచ్చినం.”

“అయ్యో! ఏమైందే?”

“తిండి బంద్ జేసింది. ఆ దినం టాంగ ఎక్కినంక ఒక్కటే మాటన్నది. ‘వీళ్లు సుత మర్సిపోయిండ్రు పీరా, ఇగ నన్ను ఈడికి తోలుకరాకు’ అన్నది.”

జకర్యా టాంగా చక్రం పట్టుకున్నాడు.

“ఎవరు పీరా, ఆమె?”

“జాన్ సాబ్ తల్లి, అన్నా… ఘోషా మనిషి, కొడుకు ఆట ఒక్కనాడు సుత కంటితోని సూడలే, ఇన్నేండ్లు గీ కనాతు బయట నిలవడి నీ గొంతుల్నే సూసింది.”